బ్యాడ్జి సొరుగులో ఉంటే రక్షణ ఎక్కడ?

ఆస్పత్రుల్లో ఇప్పుడు చాలా పనులు కాంట్రాక్టు మీదే నడుస్తున్నాయి. గేటు దగ్గర సెక్యూరిటీ ఒక కంపెనీది. గచ్చు తుడిచే ఆయాలు ఇంకో కంపెనీ మనుషులు. క్యాంటీను ఒకరిది, మందుల షాపు మరొకరిది, పక్కబట్టలు ఉతికించేది వేరొకరు. అన్ని పనులూ ఆస్పత్రివాళ్లే చేసుకోవాలంటే అయ్యేది కాదు కాబట్టి ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయితే మనలో చాలామందికి తెలియని కాంట్రాక్టు ఇంకొకటుంది. ఎక్స్‌రే, సీటీ స్కాను, క్యాథ్ ల్యాబ్ ఉన్న ప్రతి చోటా రేడియేషన్ నుంచి మనుషుల్ని కాపాడే ఏర్పాట్లు ఉండాలి కదా, ఆ పనిని కూడా చాలా ఆస్పత్రులు బయటివాళ్లకే అప్పగిస్తున్నాయి. గచ్చు సరిగ్గా తుడవకపోతే కంటికి కనిపిస్తుంది. సాంబారులో ఉప్పు తక్కువైతే నాలుక చెబుతుంది. ఈ పని సరిగ్గా జరగకపోతే మాత్రం కంటికీ తెలియదు, ఒంటికీ తెలియదు.

అదంతా డాక్టర్లూ ఇంజనీర్లూ చూసుకునే వ్యవహారం, మన పేజీలో దీని గొడవెందుకు అంటారేమో. ఒక్కసారి ఆ గదిలో ఎవరుంటారో గుర్తు చేసుకోండి. మీట నొక్కే టెక్నీషియన్ల్లో ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ యంత్రం పక్కన నిలబడేది నర్సు. చెయ్యి విరిగి ఏడుస్తున్న పిల్లాడిని కదలకుండా పట్టుకునేది తల్లి. తల్లి అక్కడ లేకపోతే ఆయా. ఈ కాంట్రాక్టు కాగితం మీద వీళ్లెవరూ సంతకం పెట్టరు. అందులో ఏముందో వీళ్లకి ఎవరూ చెప్పరు.

మా ఊళ్లో ఒక ట్రస్టు ఆస్పత్రి కమిటీలో నా స్నేహితురాలు సభ్యురాలు. ఈమధ్య ఒక ఫైలు పట్టుకొచ్చి, "కాస్త ఈ ఇంగ్లీషు చదివి చెప్పు, రేపు మీటింగులో తలాడించమంటారు" అంది. తీరా చూస్తే అది రేడియేషన్ రక్షణ సేవల కాంట్రాక్టు. రెండు పేజీలు. మొదటి పేజీలో ధరలు, రెండో పేజీలో చెల్లింపుల గడువులు. మూడు సంస్థలు కొటేషన్లిస్తే తక్కువ వేసిన వాళ్ల పేరు కింద ఎర్ర గీత గీసి ఉంది. కథలు రాసుకునే నాకు ఇవన్నీ కొత్త. తెలిసిన ఒక మెడికల్ ఫిజిసిస్టుని అడిగి, దొరికిన నిబంధనలు చదివి, నాకు అర్థమైనంత ఆమెకి చెప్పాను. ఆ మాటలే ఇక్కడ మీతోనూ చెబుతున్నాను.

ఆస్పత్రి బయట నుంచి కొనుక్కునేవి ముఖ్యంగా మూడు. ఒకటి, యంత్రం పరీక్ష. ఎక్స్‌రే కిరణం పడాల్సిన చోటే పడుతోందా, కావలసినంతే వస్తోందా, గొట్టం చుట్టూ ఎక్కడైనా కారుతోందా అని రెండేళ్లకొకసారైనా, పెద్ద రిపేరు చేసినప్పుడల్లా చూడాలి. రెండు, బ్యాడ్జిలు. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లు ఛాతీ మీద పెట్టుకునే చిన్న బిళ్ల అది. టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. మూడు నెలలకోసారి బాబా అణు పరిశోధన కేంద్రం గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపితే, ఆ మూడు నెలల్లో ఆ మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచి చెబుతారు. మూడు, సలహా ఇచ్చే మనిషి. క్యాన్సరుకి రేడియేషన్ చికిత్స చేసేచోట మెడికల్ ఫిజిసిస్టు తప్పనిసరిగా ఉండాలి. మామూలు ఎక్స్‌రే గదికైతే అర్హత ఉన్న డాక్టరో టెక్నీషియనో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా ఉండొచ్చు. చిన్న నర్సింగ్ హోము ఒక ఫిజిసిస్టుని నెల జీతం మీద పెట్టుకోలేదు. కాబట్టి బయటివాళ్లని పెట్టుకోవడం తెలివైన పనే. నా ఫిర్యాదు కాంట్రాక్టు మీద కాదు. డబ్బు కట్టాం కాబట్టి బాధ్యత కూడా వాళ్లదే అనుకోవడం మీద.

అది అలా చేతులు మారేది కాదు. ఈ వ్యవహారాలు చూసే అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పాటైంది. 2004లో వచ్చిన రేడియేషన్ రక్షణ నియమాల్లో యజమాని ఏం చేయాలి, లైసెన్సు తీసుకున్నవాళ్లు ఏం చేయాలి, సేఫ్టీ ఆఫీసరు ఏం చేయాలి, ఉద్యోగి ఏం చేయాలి అని విడివిడిగా రాశారు. వంటమనిషిని పెట్టుకున్నంత మాత్రాన ఇంట్లో పిల్లలు తిన్నారో లేదో చూసే పని వంటమనిషిది అయిపోతుందా? ఇదీ అంతే. బయటి సంస్థ కొలిచి పెడుతుంది, చెప్పి పెడుతుంది. చేయాల్సింది ఆస్పత్రే.

అసలు మన దేశంలో ఈ కాగితాలైనా సరిగ్గా ఉన్నాయా అంటే, చాలాకాలం అవీ లేవు. 2012లో కాగ్ ఇచ్చిన నివేదిక చదివితే గుండె జారుతుంది. అప్పటికి లెక్కకి వచ్చిన 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో 52,173 రిజిస్ట్రేషన్ లేకుండానే నడుస్తున్నాయని అందులో రాశారు. అంటే నూటికి 91. ప్రతి రాష్ట్రంలోనూ రేడియేషన్ రక్షణ డైరెక్టరేట్ పెట్టమని సుప్రీంకోర్టు 2001లో చెబితే, నివేదిక నాటికి పెట్టినవి కేరళ, మిజోరం మాత్రమే. మన రాష్ట్రం పేరు ఆ వరసలో లేదు. ఆ తరవాత లైసెన్సుల వ్యవహారం ఈ-లోరా అనే కంప్యూటరు పద్ధతిలోకి వచ్చింది, దరఖాస్తులూ పెరిగాయి. సంతోషమే. కానీ ఫైలు బాగుపడినంత వేగంగా గది బాగుపడుతుందా అన్నది నా అనుమానం. ముంబైలో ఉన్న మండలి మన ఊరి నర్సింగ్ హోముకి రోజూ వచ్చి తలుపు తీసి చూడలేదు కదా.

ఫైలుకీ గదికీ ఎంత దూరమో చెప్పడానికి నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చాలు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఎక్స్‌రే టెక్నీషియను. మా వీధే. అక్కడ బ్యాడ్జిలకి కాంట్రాక్టు ఉంది, డబ్బు సక్రమంగా కడతారు, మూడు నెలలకోసారి కొత్తవి వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు మేనేజరు సొరుగులోకి వెళతాయి, పోగొడితే మళ్లీ డబ్బు కట్టాలని! గడువు తీరగానే అవే తీసి ల్యాబుకి పంపేస్తారు. రిపోర్టులో అందరికీ సున్నా. తనిఖీకి ఎవరొచ్చినా ఫైలు అద్దంలా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే.

ఆ సున్నా వల్ల ఆ పిల్లకి ఏం నష్టమో తెలుసా? ఈ ఏడాది సంబంధాలు చూస్తున్నారు. ఒక పెళ్లివారు అంతా కుదిరాక, "ఎక్స్‌రే ఉద్యోగమటగా, పిల్లలు పుట్టరట" అని వెనక్కి తగ్గారు. "పిన్నిగారూ, నిజంగా నాకేమైనా అయ్యుంటుందా?" అని అడిగింది. సమాధానం చెప్పడానికి కొలతలు ఉండాలి. నిబంధనల ప్రకారం ఉద్యోగికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీ సీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మనందరికీ నేల నుంచీ ఆకాశం నుంచీ సహజంగా తగిలేదే ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4. గోడలూ సీసపు తెరా సరిగ్గా ఉండి, తెర వెనక నిలబడి మీట నొక్కే అమ్మాయికి తగిలేది హద్దు దరిదాపులకి కూడా రాదు. పిల్లలు పుట్టకపోవడం అన్న మాటే ఉండదు. అయితే ఈ మాట పెళ్లివారి ముందు నిలబడి చెప్పడానికి ఆమె చేతిలో నిజమైన రిపోర్టు ఉండాలి కదా. ఉన్నది సొరుగుకి తగిలిన రేడియేషన్ లెక్క.

బ్యాడ్జి రక్షిస్తుందని కొందరు అనుకుంటారు. థర్మామీటరు జ్వరాన్ని తగ్గిస్తుందా? అది కొలిచేదే గానీ కాపాడేది కాదు. సీసపు ఏప్రను వేసుకుంటే దాని లోపల, ఛాతీ మీద పెట్టుకోవాలి. పని అయ్యాక ఎక్స్‌రే గదిలో మేకుకి తగిలించి పోకూడదు. అలా వదిలేస్తే మనిషి ఇంట్లో నిద్రపోతుంటే బ్యాడ్జి డ్యూటీ చేస్తుంది. అప్పుడు లెక్క ఎక్కువొచ్చి వేరే గొడవ. ఒకసారి ఇచ్చిన నంబరు ఆ ఉద్యోగికి ఎప్పటికీ అదే, ఉద్యోగం మారినా పాత లెక్క వెంట వస్తుంది. పీఎఫ్ పాసుబుక్కు లాంటిదన్న మాట. మరి పాసుబుక్కు మేనేజరు దగ్గర దాచుకుంటే మనం ఊరుకుంటామా? అందుకే కాంట్రాక్టులో ఒక వాక్యం ఉండాలన్నాను నా స్నేహితురాలితో. ప్రతి మూడు నెలల రిపోర్టూ మేనేజరుకే కాదు, ఎవరి లెక్క వాళ్ల చేతికి, సంతకం తీసుకుని ఇవ్వాలి.

గర్భిణి సంగతి ఇంకా సున్నితం. టెక్నీషియనో నర్సో తను గర్భవతినని చెప్పాక, కడుపులో బిడ్డకి ప్రసవం దాకా 1 మిల్లీ సీవర్టు దాటకుండా పని సర్దాలి. చెప్పిన కారణంగా ఉద్యోగం నుంచి తీసేయకూడదని, పని పరిస్థితులే మార్చాలని అంతర్జాతీయ ప్రమాణాలు స్పష్టంగా అంటున్నాయి. ఆచరణలో ఏం జరుగుతోంది? ఆ అమ్మాయి కూడా ఏదో ఏజెన్సీ తరఫున వచ్చిన కాంట్రాక్టు మనిషే అయితే, చెబితే వచ్చే నెల నుంచి రావద్దంటారేమోనని అయిదో నెల దాకా కొంగు చాటున దాచుకుంటుంది. బిడ్డకి కాస్త జాగ్రత్త ఎక్కువ కావాల్సిన నెలలు ఆ మొదటి నెలలే. రక్షణ సేవలు కొనే ఆస్పత్రి, ఆ మనిషిని కూడా కాంట్రాక్టు మీదే తెచ్చుకున్న ఆస్పత్రి, ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోకపోతే మొదటి కాగితానికి అర్థమేముంది?

ఇక పేషెంటుగా వెళ్లిన గర్భిణి. ఇదొక్కటీ నన్ను నిద్రపోనివ్వలేదు. నెల తప్పిందని తెలియక ముందు జ్వరానికో నడుం నొప్పికో ఎక్స్‌రే తీయించుకుంటుంది. పది రోజులకి సంగతి తెలుస్తుంది. ఇక ఇంటిల్లిపాదీ భయం. "బిడ్డ ఎలా పుడుతుందో, తీయించేసుకుంటే మంచిది" అని అత్తగారో, ఆడపడుచో, ఒక్కోసారి డాక్టరే అనేస్తారు. కావాలనుకున్న బిడ్డని వదులుకుంటారు. రేడియేషన్ రక్షణ మీద పనిచేసే అంతర్జాతీయ కమిషన్ 2000లో స్పష్టంగా రాసింది. బిడ్డకి తగిలింది 100 మిల్లీ గ్రేల కన్నా తక్కువైతే, ఆ కారణంగా గర్భం తీయించుకోవాల్సిన పని లేదని. ఛాతీ ఎక్స్‌రే తీస్తే కడుపులో బిడ్డకి చేరేది 0.01 మిల్లీ గ్రే కూడా ఉండదు. పొట్టకి తీసిన ఎక్స్‌రేతో సగటున 1.4. కటి భాగానికి సీటీ స్కాను తీస్తే సగటున 25. వందకి ఎంత దూరమో చూడండి. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగినప్పుడు, ఎంతో దూరాన ఉన్న గ్రీసు దేశంలో కూడా కేవలం భయంతో ఎందరో తల్లులు గర్భాలు తీయించుకున్నారు. అక్కడ బిడ్డల్ని పోగొట్టింది రేడియేషన్ కాదు, లెక్క చెప్పే మనిషి పక్కన లేకపోవడం.

ఆ లెక్క చెప్పగలిగేది మెడికల్ ఫిజిసిస్టు. ఏ యంత్రం, ఎన్ని ఫిల్ములు, ఏ భాగానికి అన్నది తెలిస్తే బిడ్డకి ఎంత చేరిందో ఆయన కాగితం మీద లెక్కగట్టి ఇవ్వగలడు. గైనకాలజిస్టు ఆ కాగితం చూసి ఆ తల్లికి ధైర్యం చెప్పగలదు. మరి మనవాళ్లు రాసుకునే కాంట్రాక్టుల్లో ఈ మాట ఉంటుందా? నేను చూసిన రెండు పేజీల్లో లేదు. "గర్భిణికి పొరపాటున ఎక్స్‌రే పడితే, ఆస్పత్రి అడిగిన ఒకటి రెండు రోజుల్లో లెక్కగట్టి రాతపూర్వకంగా ఇవ్వాలి" అన్న ఒక్క వాక్యం చేర్చడానికి సంస్థవాళ్లు మహా అయితే ఇంకొన్ని వేలు అడుగుతారేమో. అడగనివ్వండి.

(దీనర్థం ఎక్స్‌రేకి భయపడి మానేయమని కాదు సుమా. డాక్టరు అవసరమని రాస్తే తీయించుకోవాల్సిందే. మీట ఆపగానే కిరణాలు ఆగిపోతాయి, గదిలో ఏమీ మిగిలి ఉండదు. గర్భం ఉందేమోనన్న అనుమానముంటే ముందే చెప్పాలి, అంతే.)

పిల్లల్ని పట్టుకునే విషయం ఎవరూ పట్టించుకోరు. పిల్లాడు కదలకుండా ఉండటానికి ఎవరో పట్టుకోక తప్పనప్పుడు ఇంటివాళ్లలో పెద్దవాళ్లు పట్టుకోవాలి, వాళ్లకి సీసపు ఏప్రను ఇవ్వాలి. గర్భిణి అయితే అసలు పట్టుకోకూడదు. ఆస్పత్రి సిబ్బంది చేత ఈ పని చేయించకూడదని నియమం. ఎందుకంటే తల్లి ఒకసారి పట్టుకుంటుంది, ఆయా రోజుకి పదిసార్లు పట్టుకుంటుంది. ఆ ఆయా క్లీనింగు కాంట్రాక్టు మనిషి కాబట్టి రేడియేషన్ ఉద్యోగుల జాబితాలో ఆమె పేరుండదు, ఆమెకి బ్యాడ్జీ ఉండదు. రెండు కాంట్రాక్టుల మధ్య సందులో నిలబడ్డ మనిషి ఆమె.

తక్కువ ధర కోట్ చేసిన వాళ్లకే ఇవ్వాలన్న పట్టుదల కూడా కొంచెం సడలించుకోవాలి. పరీక్షకొచ్చిన మనిషి యంత్రం ఆన్ చేయకుండా పోయినసారి రిపోర్టులో తేదీ మార్చి ఇచ్చే ప్రమాదం ఉందని ఆ ఫిజిసిస్టే చెప్పాడు. ఎలా పట్టుకోవాలని అడిగాను. "ఏం లేదండీ, వాళ్లొచ్చిన రోజు మీ టెక్నీషియన్ని పక్కన నిలబెట్టండి, కొలిచే పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో సర్టిఫికెట్టు అడగండి" అన్నాడు. ఆ మాత్రం అడిగితేనే సగం దొంగాట ఆగుతుందట. యంత్రం అమ్మిన కంపెనీ మనుషులే వచ్చి పరీక్ష చేసి తమ యంత్రం భేషుగ్గా ఉందని రాసిచ్చే పద్ధతి కూడా నాకు నచ్చలేదు. నిబంధనలు ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు గాక, పెళ్లిచూపుల్లో పిల్ల గురించి పిల్ల తల్లినే అడిగినట్టుంటుంది అది.

ఏప్రన్ల గురించి కూడా ఒక మాట. సీసపు ఏప్రన్ని చీర మడతపెట్టినట్టు మడవకూడదు, లోపల పగుళ్లొస్తాయి. పైకి కొత్తదానిలాగే ఉంటుంది. హ్యాంగరుకి వేలాడదీయాలి, అప్పుడప్పుడు యంత్రం కింద పెట్టి పగుళ్లు చూడాలి. థియేటర్లో నర్సులకి ఏప్రను అన్నిసార్లూ దొరక్కపోయినా, ఒక సంగతి తెలిసినా మేలే. దూరం రెట్టింపైతే తగిలేది నాలుగో వంతుకి పడిపోతుంది. రెండడుగులు వెనక్కి జరగడానికి టెండరు అక్కర్లేదు. కానీ ఈ సంగతి వాళ్లకి చెప్పేదెవరు? ఏడాదికోసారి నర్సులకీ, ఆయాలకీ తెలుగులో, అవును తెలుగులోనే, ఒక పూట క్లాసు చెప్పాలని కాంట్రాక్టులో రాయించాలి. ఇంగ్లీషు స్లైడ్లు చూపించి హాజరుపట్టీ మీద సంతకాలు తీసుకుంటే క్లాసు అయినట్టు కాదు.

ఇక కాంట్రాక్టు ముగిసే రోజు గురించి, ఆస్పత్రే మూతపడే రోజు గురించి ఎవరూ ఆలోచించరు. మామూలు ఎక్స్‌రే యంత్రంతో ఈ చిక్కు లేదు, కరెంటు తీసేస్తే అది ఉత్త ఇనుము. కానీ క్యాన్సరు చికిత్సకి వాడే కొన్ని పాత యంత్రాల్లో కోబాల్టు, సీసియం లాంటి పదార్థం ఉంటుంది. కరెంటు ఉన్నా లేకపోయినా అది వెలువరిస్తూనే ఉంటుంది. బ్రెజిల్లోని గొయానియా నగరంలో ఒక ప్రైవేటు చికిత్సా కేంద్రం 1985లో ఇల్లు మారుతూ సీసియం యంత్రాన్ని పాత భవనంలోనే వదిలేసింది. 1987 సెప్టెంబరులో ఇద్దరు దాన్ని విప్పి పాత ఇనుము కొట్టుకి అమ్మారు. చీకట్లో నీలంగా మెరిసే ఆ పొడిని చూసి ముచ్చటపడి చుట్టాలకీ పక్కాలకీ పంచారు. ఆరేళ్ల పాప ఒంటికి పూసుకుంది. ఇంట్లో అందరూ ఒక్కొక్కరే జబ్బు పడటం చూసి, ఇదంతా ఆ వస్తువు వల్లేనని మొదట అనుమానించింది కొట్టు యజమాని భార్య. దాన్ని సంచిలో పెట్టించి, బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకి తీసుకెళ్లింది. ఆమె అలా చేయకపోతే ఇంకెందరో పోయేవారు. ఆమె మాత్రం బతకలేదు, ఆ పాపా బతకలేదు. మొత్తం నలుగురు చనిపోయారు, 249 మందికి ఒంటి మీదా ఒంట్లోనూ ఆ పదార్థం అంటినట్టు తేలింది, లక్షా పన్నెండు వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది.

అంత దూరం ఎందుకు, 2010లో ఢిల్లీ మాయాపురిలో మనమే చూశాం. ఒక విశ్వవిద్యాలయం వాడకుండా పడేసిన కోబాల్టు పరికరాన్ని పాత సామానుతో పాటు వేలం వేస్తే, తుక్కు కొట్టులో దాన్ని విప్పిన వాళ్లు జబ్బు పడ్డారు, ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు.  ఆ వేలం రేడియేషన్ నియమాల ప్రకారం జరిగింది కాదు.

నా స్నేహితురాలి ఆస్పత్రిలో క్యాన్సరు విభాగం పెట్టాలన్న ఆలోచన ఉందట, దాతలు కూడా ముందుకొచ్చారట. శుభం. అలాంటి యంత్రం కొనే రోజే, పదార్థం బలం తగ్గిపోయాక దాన్ని సరఫరాదారుకి గానీ అనుమతి ఉన్న చోటికి గానీ చేర్చడానికి అయ్యే ఖర్చుని వేరే ఖాతాలో పక్కన పెట్టమన్నాను. కాంట్రాక్టు సంస్థ మారితే పాత రికార్డులన్నీ నెల లోపల ఆస్పత్రికి అప్పగించి, ఉద్యోగులకి వాళ్ల వాళ్ల లెక్కలు ఇచ్చాకే ఆఖరి బిల్లు చెల్లించమన్నాను. ఆమె ఆ రెండు పేజీల వెనక ఖాళీలో ఇవన్నీ పెన్సిలుతో రాసుకుని వెళ్లింది. మీటింగులో ఆయా సంగతి, గర్భిణి సంగతి ఒప్పుకున్నారట. తెలుగు క్లాసు సంగతి "చూద్దాం" అన్నారట. పాత యంత్రం ఖర్చు దగ్గర మాత్రం గంటసేపు వాదన జరిగి వచ్చే నెలకి వాయిదా పడింది.